వణకని చేతిరాత

అల్ రాయ్, కువైట్
4 మార్చి 1990

బావకు పెంచల్ నమస్కారాలు.

ఇక్కడ నేనూ, ఫింటాస్‌లో అక్కా బాగున్నాం. ఈ ముక్క ముందు రాస్తే మిగతాది నువ్వు తీరిగ్గా చదువుతావని తెలుసు.

నీతో పని పడింది బావా. మా కఫీల్, ఈ సైకిల్ దుకాణం యజమాని, ఆయన కొడుకు బదర్, ఆ సైకిల్ పిచ్చివాడు, ఈ ఏడు బెల్జియంలో ఒక చిన్న టీములో చేరాడు. జీతమిచ్చి పందేలు తొక్కించే టీము. చలికాలం సాధనకని ఇక్కడికొచ్చాడు. వచ్చే నెల ఫ్రాన్సులో వాడికొక పందెముంది. రెండువందల అరవై కిలోమీటర్లు, అందులో యాభై పైచిలుకు రాళ్ళు పరిచిన పాతకాలం దారి. మన కడప బండల్లా చదునుగా ఉండవట. బోర్లించిన చెంబుల్లా ఉబ్బి, మధ్యమధ్య వేలు పట్టేంత సందులతో ఉంటాయట. కొత్తవాడు కాబట్టి సైకిల్ వాడే సిద్ధం చేసుకోవాలి, అంటే నేను చెయ్యాలి. అసలుదొకటి, దానికి జోడు ఇంకొకటి.

ఈ దుకాణంలో నేను చూసేవన్నీ నున్నటి తారురోడ్డు మీద పోయే సైకిళ్ళు. గాలి రాయిలా కొట్టి పంపడమే. నీ దగ్గరికి మంగంపేట గనుల వాళ్ళ సైకిళ్ళు వస్తాయి కదా, వాటికి నువ్వేం చేస్తావో వివరంగా రాయి. నేను ఉన్నప్పుడు ఆ పని నువ్వూ అక్కా చూసుకునేవాళ్ళు, నేను పంక్చర్ల దగ్గరే ఉండిపోయాను. ఇది సరిగ్గా చేస్తే కఫీల్ నన్ను ఆ పంక్చర్ల బల్ల మీంచి లేపుతాడు.

పోయిన శుక్రవారం అక్కను చూశాను. తను పనిచేసే ఇంటావిడ, వాళ్ళ మామా, గేటు దగ్గరే నిలబెట్టి పది నిమిషాలు మాట్లాడనిచ్చింది. కాస్త చిక్కింది. కాఫీలో చక్కెర తగ్గించమని నీకు రాయమంది. రాశాను.

పెంచల్

*

రాజంపేట
19 మార్చి 1990

పెంచలా,

పదేళ్ళు నా దగ్గర పానా పట్టుకుని, సముద్రం దాటాక చక్రానికి గాలెంత పెట్టాలని అడుగుతున్నావు. నా దగ్గర పనిచేశానని అక్కడ ఎవరికీ చెప్పకు, నా పరువు పోతుంది.

గాలి తగ్గించు. నూటపది కొట్టే చోట ఎనభై చాలు, వెనక చక్రానికి ఇంకో అయిదు. టైరు వెడల్పుది బిగించు. పుల్లలు ముప్పై ఆరు ఉండే చక్రం కట్టి, అవి ఒకదాన్నొకటి దాటే చోట సన్నతీగ చుట్టు. ఒకటి తెగినా చక్రం ఒరగదు. ఆ తీగ కట్టే పని ఇక్కడ మీ అక్కదే. నేను కట్టినవి వదులవుతాయి, ఆమె కట్టినవి ఊడవు. హ్యాండిల్‌కి బట్ట రెండు చుట్లు వేసి, కింద పాత ట్యూబు ముక్కలు పెట్టు. నీళ్ళసీసా కమ్మీని లోపలికి నొక్కు, లేకుంటే మొదటి రాళ్ళకే సీసా ఎగిరిపోతుంది. సీటు వేలెడు వెనక్కి.

తొక్కేవాడికి చెప్పాల్సింది ఇంకా ఎక్కువ. చేతులు పైకడ్డీ మీద తేలిగ్గా పెట్టాలి, మోచేతులు వదలాలి. రాయి ఎటు తోస్తే అటు కాస్త పోనిచ్చి మళ్ళీ తెచ్చుకోవాలి. బరువు గేరులో తొక్కుతూనే ఉండాలి, ముందు బ్రేకు ముట్టకూడదు. దారి నడుమ గట్టుగా ఉంటుంది, ఆ గట్టు మీదే పోవాలి. అంచు నున్నగా కనబడుతుంది కానీ పంక్చర్లన్నీ అక్కడే. చూపు చక్రం ముందు కాదు, ఇరవై గజాల అవతల ఉండాలి. భయమేస్తే చెయ్యి దానంతటదే బిగుస్తుంది, పడేదప్పుడే. ఇది వాడికి రెండుసార్లు చెప్పు.

చక్కెర తగ్గించాను. పక్కన కూర్చుని తాగే మనిషి లేనప్పుడు అది ఎంత వేసుకున్నా ఒకటే. నువ్వు మీ అక్కకు వీసా పంపినప్పుడు రెండేళ్ళే అన్నావు. ఏడాది అయింది, లెక్క నువ్వూ పెట్టుకో.

మునీంద్ర

*

అల్ రాయ్
2 మే 1990

బావా,

పూర్తి చేశాడు. నూటయెనభై మంది బయలుదేరితే తొంభై ఆరుగురు చివరిదాకా వచ్చారట, మావాడు ఎనభై ఒకటో వాడు. ఎనభై ఒకటికే ఇక్కడ గొర్రెను కోశారు. ఒక్క పుల్ల తెగలేదు, ఒక్క పంక్చరు కాలేదు. తీగ ఎవరు కట్టారని టీము మెకానిక్ అడిగాడట. బదర్ నా పేరు చెప్పాడు. నేను నీ పేరు చెప్పలేదు బావా, కోప్పడకు. ఇక్కడ మన పేరు పైకి రావడమే కష్టం.

కానీ వాడి చేతులు చూడాలి. వారం తర్వాత వచ్చాడు, అప్పటికీ అరచేతుల్లో తోలు లేదు. పందెం రోజు సాయంత్రం చెంచా పట్టుకోలేకపోయాడట, ఎవరో తినిపించారు. మూడు రోజులు సంతకం రాలేదు, హోటల్లో వేలిముద్ర వేశాడు. వణుకు మోచేతుల దాకా ఉండేదట. నేను విని నవ్వాను. చదువుకున్నవాడు వేలిముద్ర వేస్తే నవ్వు రాదా.

జోడు సైకిల్ ఇక్కడే దుకాణంలో వేలాడుతోంది. అది నా బాధ్యత. పంక్చర్ల బల్ల ఇప్పుడు ఒక బెంగాలీది.

ఎండాకాలానికి మా కఫీల్ వాళ్ళు యూరప్ పోతున్నారు. అక్క వాళ్ళ మామా కూడా పిల్లలతో లండన్ పోతుందట. అక్క ఇల్లు చూసుకోవాలి. బయట గేటుకు తాళం వేసి పోతారు, ఇక్కడ అది మామూలే. వాళ్ళ బంధువొకాయన వారానికోసారి వచ్చి సరుకులిస్తాడు. ఏసీ ఉంటుంది, టీవీ ఉంటుంది, అరిచేవాళ్ళు ఉండరు. అక్కకు ఇదే సెలవు.

పెంచల్

*

రాజంపేట
8 జూలై 1990

పెంచలా,

నా పేరు చెప్పనందుకు కోపం లేదు. తాళం సంగతి అంత తేలిగ్గా రాసినందుకు ఉంది.

మనిషిని లోపల పెట్టి బయట తాళం వేస్తే దాన్ని సెలవంటారా? నిప్పంటుకుంటే ఎటు పోవాలి? జ్వరమొస్తే ఎవరిని పిలవాలి? ఆమెను అక్కడికి తీసుకుపోయింది నువ్వు. ఆ గోడ దగ్గరికి వారానికోసారి పోయి పిలిచి పలికించుకుని రా. ఆమె పలికిందని నాకు ఒక ముక్క రాయి. ఇంతకుమించి నిన్నేమీ అడగను.

మునీంద్ర

*

అల్ రాయ్
13 ఆగస్టు 1990

బావా,

ఇది ఎప్పుడు చేరుతుందో, అసలు చేరుతుందో లేదో. పక్క కార్ల షోరూములో ఇంజినీరు కుక్కుటేశ్వరరావు గారు, విజయవాడ ఆయన, కుటుంబంతో కారులో బాగ్దాదు మీదుగా అమ్మాన్ పోవాలని చూస్తున్నారు. బయలుదేరినప్పుడు ఇస్తాను.

రేడియోలో వినే ఉంటావు. రెండో తేదీ తెల్లారేసరికి ఇరాకీ ట్యాంకులు రోడ్డు మీదున్నాయి. మా దుకాణం మూడోనాడు దోచారు. లారీ తెచ్చి పిల్లల సైకిళ్ళతో సహా ఎత్తుకెళ్ళారు. జోడు సైకిల్ని ముందే అటక మీద గోనెల కింద దాచాను, అదొక్కటి మిగిలింది. ఫోన్లు లేవు, బస్సులు లేవు, రొట్టెకు నాలుగు గంటలు నిలబడాలి. సైనికులు ఎవర్ని ఎందుకు ఆపుతారో తెలీదు. ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఇఖామా, చూపిస్తే ఒకడు చించి పారేశాడు.

అక్కను చూడలేదు బావా. అబద్ధమెందుకు, జూలైలో ఒక్కసారే పోయాను. ఫింటాస్ ఇక్కడికి ముప్పై కిలోమీటర్లు. ట్యాంకుల గొలుసులకు తారు పెళ్ళలుగా లేచిపోయింది, రోడ్డంతా నువ్వు చెప్పిన రాళ్ళ దారిలానే ఉందట. సరుకులిచ్చే బంధువు సౌదీ పారిపోయి ఉంటాడు. ఆ సైకిల్ దించుతాను. అది చేసిందే ఇలాంటి దారికి. రేపో ఎల్లుండో పోతాను, తప్పకుండా పోతాను.

చెయ్యి వణుకుతోంది, అక్షరాలు బాగాలేవు, సర్దుకుని చదువు.

పెంచల్

*

అల్ రాయ్
22 ఆగస్టు 1990, సాయంత్రం

బావా,

పై జాబు ఇంకా నా దగ్గరే ఉండిపోయింది. రావు గారు గంటలో బయలుదేరుతున్నారు, రెండూ కలిపి ఇస్తున్నాను. దిగులు వదులుకో. అక్కను చూశాను.

ఇప్పుడే తిరిగొచ్చి, సైకిల్ గోడకానించి, అలాగే కూర్చుని రాస్తున్నాను. పోనూ రానూ అరవై కిలోమీటర్లు. నువ్వు చెప్పినట్టే గాలి తగ్గించి, పైకడ్డీ తేలిగ్గా పట్టుకుని, బరువు గేరులో, నడుమ గట్టు మీదే తొక్కాను. ముందు బ్రేకు ముట్టలేదు. చూపు ఇరవై గజాల అవతలే పెట్టాను. రెండుచోట్ల సైనికులు ఆపి, సైకిల్ని మెచ్చుకుని వదిలేశారు.

పక్కింటి మలయాళీ వాళ్ళు అక్క కేక విని తాళం పగలగొట్టి తీసుకుపోయారు. భార్యాభర్తలు, ఇద్దరూ ఆస్పత్రిలో పనిచేస్తారు, మంచివాళ్ళు. వాళ్ళింట్లో తిని, వాళ్ళ పిల్లలతో ఉంది. మనవాళ్ళను పంపే జాబితాలో వాళ్ళతోపాటు అక్క పేరు కూడా రాయించారు. వరస వచ్చినప్పుడు అందరూ కలిసి బయలుదేరతారు. మధ్యలో అక్కడి నుంచి కదిపితే పేరు పోతుందని చెప్పారు. నీకు భయపడొద్దని చెప్పమంది.

నేను కూడా దారి చూసుకుని వస్తాను. బొంబాయి చేరితే డోంగ్రీలో మనవాళ్ళ గదిలో దిగుతాను. అక్కడికే రాయి.

పెంచల్

*

రాజంపేట
14 సెప్టెంబరు 1990

పెంచలా,

నీ రెండు జాబులూ ఒకే కవరులో అయిదో తేదీన అందాయి. రావు గారు అమ్మాన్ దాటి వచ్చి విజయవాడలో పోస్టు చేశారు. ఆ మహానుభావుడికి దణ్ణం పెట్టాలి. నీకు ఎలా చెప్పాలో తెలీదు. ట్యాంకుల మధ్య అరవై కిలోమీటర్లు తొక్కి అక్కను చూసొచ్చిన తమ్ముడు ఈ చుట్టుపక్కల ఎవరికుంటాడు. రెండో జాబులో నీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ చూపించాను.

ఒక సంగతి. మొన్న పదో తేదీన హుస్సేన్ పీరా బాగ్దాదు నుంచి మందుల షాపుకి ఫోన్ చేశాడు. మహబూలాలో ఉంటాడే, మన హసన్‌బీ కొడుకు. ఎవరిదో లారీ పట్టుకుని మనవాళ్ళను జోర్డాన్ సరిహద్దు దాకా చేరవేస్తున్నాడట. మళ్ళీ కువైట్ పోతున్నాడు, పన్నెండున అక్కడి నుంచి తిరుగు ప్రయాణం. లారీలో ఒక్క చోటుంది, మీ అక్క వెంకటేశ్వరిని తెమ్మంటావా అని అడిగాడు. ఫింటాస్ వాళ్ళ గదికి నడిచిపోయే దూరమట. నేను వద్దన్నాను. పెంచల్ చూసొచ్చాడు, క్షేమంగా ఉంది, జాబితాలో పేరుంది, ఆ చోటు ఇంకెవరికైనా ఇవ్వమన్నాను. వాళ్ళ మేడ మీద నెలలు నిండినామె ఉందట, ఆమెకిస్తానన్నాడు.

మంచి పనే చేశాను కదా. నువ్వొకసారి రాయి, మంచి పనే చేశావని.

మునీంద్ర

*

బొంబాయి
20 అక్టోబరు 1990

బావా,

నీ జాబు నేను చేరేసరికే ఇక్కడుంది. నేను వచ్చి పదిహేను రోజులయింది. ఒంట్లో బాగాలేక రాయలేదు.

అక్క వచ్చిందా? జాబితాలు చాలా ఆలస్యమవుతున్నాయని విన్నాను. ఆ మలయాళీ వాళ్ళు ఇల్లు మారి ఉండొచ్చు. అప్పటి హడావుడిలో నేను అన్నీ సరిగ్గా కనుక్కోలేదేమో.

మస్కట్ పనికి ఒకాయన మాటిచ్చాడు. అది తేలాక ఊరికి వస్తాను. హుస్సేన్ పీరాది మళ్ళీ ఏమైనా కబురుందా?

పెంచల్

*

రాజంపేట
11 నవంబరు 1990

పెంచల్,

మీ అక్క మూడో తేదీన వచ్చింది. మద్రాసు రైలు దిగేటప్పుడు ఇద్దరు పట్టుకుని దించారు.

ఏ మలయాళీలూ లేరు. ఎవరూ ఏ తాళమూ పగలగొట్టలేదు. ఆగస్టు రెండు నుంచి సెప్టెంబరు పదహారు దాకా ఆమె ఆ ఇంట్లోనే ఉంది. బంధువు రాలేదు, చుట్టుపక్కల ఇళ్ళన్నీ ఖాళీ, కేకేసినా వినేవాళ్ళు లేరు. నెల తిరక్కుండా కరెంటు పోయింది, తర్వాత కొళాయి ఆగింది. బియ్యం నానబెట్టి తిన్నది. ట్యాంకీ అడుగున మిగిలిన నీళ్ళు గుడ్డలో వడకట్టుకుని తాగింది. రోడ్డు మీద సైకిల్ చప్పుడైనప్పుడల్లా కిటికీ దగ్గరికి పోయేదట. తమ్ముడి దగ్గర మంచి సైకిలుంది, వాడొస్తాడనుకుంది.

పదహారున సైనికులు ఇల్లు దోచడానికని వీధి తలుపు పగలగొడుతుంటే వెనక వైపు మేడ మీంచి దూకింది. మడమ ఎముక నుజ్జయింది. గోడ అవతల పడి ఉంటే మహబూలా వాళ్ళు, హుస్సేన్ పీరా గదిలోవాళ్ళే, చూసి ఎత్తుకుపోయారు. విరిగిన కాలితోనే లారీ ఎక్కి, అమ్మాన్ డేరాల్లో నెలకు పైగా పడుంది. ఎముక వంకరగా అతుక్కుంది. ఇక సరికాదని డాక్టరు చెప్పాడు.

పన్నెండున ఆ లారీలో ఒక చోటుండింది. ఆమె దూకింది పదహారున. నాలుగు రోజులు.

నువ్వు పోయావా, పోలేదా? అది రాయి. ఇంకేమీ రాయొద్దు.

మునీంద్ర

*

బొంబాయి
2 డిసెంబరు 1990

బావా,

పోలేదు.

పద్నాలుగో తేదీన సైకిల్ దించి బయలుదేరాను. నాలుగు కిలోమీటర్లు తొక్కాను. చౌరస్తాలో సైనికులు ఒక మనిషిని బోర్లా పడుకోబెట్టి మెడ మీద బూటు పెట్టి నిలబడ్డారు. నా చేతులు బిగుసుకుపోయాయి. హ్యాండిల్ తిప్పి వచ్చేశాను. తర్వాత రోజూ రేపు పోదామనుకున్నాను. ఇరవై రెండున రావు గారు కారు స్టార్టు చేసి, మీ అక్కగారిని చూశావా, మీ బావకు ఏం రాశావు అని అడిగారు. పక్కన ఆయన భార్య, పిల్లలు నన్నే చూస్తున్నారు. లేదని వాళ్ళ ముందు చెప్పలేకపోయాను. లోపలికి పోయి రాశాను. రాస్తున్నంతసేపూ నిజంగా పోయొచ్చినట్టే అనిపించింది.

ఇదీ చెప్తాను. సెప్టెంబరులో బస్రా లారీ డ్రైవరొకడు ఆ సైకిల్ చూసి తన కొడుక్కు కావాలన్నాడు. అదిచ్చి నేను లారీ ఎక్కాను. అక్క పుల్లలకు తీగ కట్టేది చూసి నేర్చుకుని, అలాగే కట్టిన సైకిలది. దాని మీద అక్క దగ్గరికి పోకుండా, దాన్నిచ్చి నేను బయటపడ్డాను.

అక్క కాళ్ళు పట్టుకుంటాను. నన్ను రానిస్తుందేమో అడుగు. రావొద్దంటే రాను.

పెంచల్

*

రాజంపేట
24 మార్చి 1991

పెంచలా,

నీ జాబుకు మూడు నెలలు జవాబు రాయలేదు. నిన్ను తిట్టడానికి చాలాసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ నాలుగు లైన్లు రాసి చించేశాను. నిన్ను తిట్టే యోగ్యత నాకుందో లేదో ముందు తేల్చుకోవాల్సి వచ్చింది.

నీ రెండు జాబులూ వచ్చిన రోజు దుకాణంలో నిలబడి చదివాను. మొదటిదానిలో అక్షరాలు భయానికి వణుకుతున్నాయి. రెండోది రెండు పేజీలు, గీత గీసినట్టు నిటారుగా ఉంది. ఇప్పుడే దిగి రాస్తున్నానన్నావు. బదర్ చెంచా పట్టుకోలేకపోయాడని, మూడు రోజులు వేలిముద్ర వేశాడని నువ్వు మేలో రాసిన జాబు బల్ల సొరుగులోనే ఉంది. తీసి పక్కన పెట్టి చూశాను. ఆ దారిలో అరవై కిలోమీటర్లు తొక్కినవాడి చెయ్యి ఆ సాయంత్రం కలం పట్టదు. తొక్కినవాడు తన అరచేతుల గురించి రాస్తాడు. నువ్వు నేను రాసిన మాటల్నే వరసగా మళ్ళీ నాకు పంపావు.

నాకు ఆ రోజే తెలిసింది పెంచలా. మడిచి జేబులో పెట్టుకున్నాను. నమ్మితే ఆ పూట అన్నం తినగలిగాను, అందుకే నమ్మాను. నీ అక్షరాలు ముత్యాలని ఊరందరికీ చూపించింది కూడా అందుకే. వాళ్ళు నమ్ముతుంటే నాకు సులువయింది. హుస్సేన్ పీరా ఫోన్ చేసినప్పుడు ఆ జాబు నా చొక్కా జేబులోనే ఉంది. తీసుకురా అంటే, ఆమె ఇంకా తాళం వెనకే ఉందని నా నోటితో ఒప్పుకున్నట్టు. అందుకే ఆమె బాగుంది, వద్దు అన్నాను. నువ్వు భయపడి అబద్ధమాడావు. ఇక్కడ నాకు ఏ ట్యాంకూ ఎదురు రాలేదు.

ఈ సంగతి ఆమెకు చెప్పలేదు. మొన్న తనే అడిగింది, వాడు రాసిన జాబులు ఒకసారి ఇయ్యి అని. ఇచ్చాను. మెట్టు మీద కూర్చుని మూడూ చదివింది. మేలో రాసింది, భయపడి రాసింది, నిటారుగా రాసింది. చివరిదాన్ని ఎండకెత్తి చాలాసేపు చూసింది.

"నీకు ఎరికే," అంది.

నేను పక్కనున్న చక్రం అందుకుని తిప్పాను.

"రిమ్ములో వెంట్రుకంత బెండు కంటితో చూసి చెప్తావు. ఇది కనబల్యా నీకు?"

క్షమించమని అడిగాను. నిన్ను రానియ్యమని కూడా అడిగాను, నీ జాబు చూపించి. లేచి లోపలికి పోయింది. రెండు రోజులు ఇంట్లో పని చేసుకుంటూ తిరిగింది, ఆ కాలు ఈడ్చుకుంటూ. ఆమె కోసం ఒక సైకిల్‌కి ఎడమ పెడలు మీద చెక్క బిగించి ఎత్తు చేశాను. అది ముట్టలేదు.

కువైట్ మళ్ళీ తెరుచుకుంటోందని, లండన్ నుంచి వాళ్ళ మామా తిరిగొస్తోందని హుస్సేన్ పీరా కబురు పంపాడు. ఆమె ఆ ఇంటికే పోతానంటోంది. ఆ కాలితోనే. నిన్ను చావుకి వదిలి తాళమేసి పోయిన ఇంటికి మళ్ళీ పోతావా అని అరిచాను. అరవకుండా చెప్పింది.

"మామా తాళమేసింది, ఏసినానని చెప్పే పోయింది. మీరిద్దరూ తీసినామని చెప్పి ఏసినారు."

పాస్‌పోర్టు ఫోటో కోసం రేపు కడపకు పోతోంది. నన్ను తోడు రావద్దంది.

మునీంద్ర